ఆటోబాన్ మీద స్పోర్ట్ టూరర్: ఏ బండిని ఏ వేగం దాకా నమ్మొచ్చు?

పెద్ద బండి కొన్నానని చెప్తే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ధర ఎంత అని, రెండోది "ఎంత దాకా లాగావ్?" అని. జర్మనీలో ఉంటున్నామంటే ఈ రెండోది ముందుకొచ్చేస్తుంది. ఆటోబాన్ (ఇక్కడి ఎక్స్‌ప్రెస్‌వే) ఉంది కదా, లిమిట్ లేదు కదా, 250 చూశావా, 280 చూశావా అని ఊళ్లో బావమరిది నుంచి ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడి దాకా అందరూ అడుగుతారు. నా మొదటి బండి నేను ఆ అంకె కోసమే కొన్నాను. రెండోది కొనేటప్పటికి చూసుకోవాల్సింది వేరే ఉందని అర్థమైంది. రెండు పక్కలా పెట్టెలు తగిలించి, వెనక మా ఆవిడ కూర్చుని, ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నప్పుడు ఈ బండి ఏ వేగం దాకా గీత గీసినట్టు పోతుంది? మీరూ ఆ ప్రశ్నతోనే షోరూమ్‌లో అడుగు పెట్టాలని నా కోరిక.

మ్యూనిక్, స్టుట్‌గార్ట్, ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉంటూ మొదటిసారి స్పోర్ట్ టూరర్, అంటే వేగంగానూ పోతూ సామానుతో దూరప్రయాణాలకీ పనికొచ్చే పెద్ద బండి, కొందామనుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చాలామంది కొనేది సెకండ్ హ్యాండే కాబట్టి ఇప్పుడు కొత్తగా అమ్మకంలో లేని బండ్ల గురించి కూడా చెప్తాను.

తెల్ల బోర్డు, నల్ల గీతలు

ఊరి పొలిమేర దాటాక కాసేపు 100, తర్వాత 120, ఎక్కడో మరమ్మతు జరుగుతుంటే 80. ఆ తర్వాత రోడ్డు పక్కన ఒక తెల్లటి గుండ్రటి బోర్డు కనిపిస్తుంది. దాని మీద అంకె ఉండదు, ఏటవాలుగా సన్నటి నల్ల గీతలు మాత్రం ఉంటాయి. అంటే అప్పటిదాకా ఉన్న ఆంక్షలన్నీ అక్కడితో అయిపోయాయని. ఎడమ లేన్‌లో ఉన్న కార్లు అన్నీ ఒకేసారి ముక్కు పైకెత్తి దూసుకుపోతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె దడదడలాడింది.

ఆటోబాన్‌లో దాదాపు పదింట ఏడు వంతులకి శాశ్వతమైన వేగ పరిమితి లేదు. కానీ 1978 నుంచి 130 కి.మీ. అనే సిఫార్సు వేగం ఉంది. దాన్ని దాటితే జరిమానా ఉండదు. అయితే 130 మించి పోతున్నప్పుడు ప్రమాదం జరిగితే, తప్పు పూర్తిగా అవతలివాడిదైనా నష్టంలో కొంత వాటా మీ మీద పడే అవకాశం ఉంది. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకొకటి. పక్క దేశాల్లోకి పోగానే ఈ స్వేచ్ఛ ఉండదు. ఆస్ట్రియా, ఇటలీల్లో 130, స్విట్జర్లాండ్‌లో 120. స్విట్జర్లాండ్‌లో మోటర్‌వే మీద పరిమితికి 80 కి.మీ. పైన దొరికితే జైలు దాకా పోతుంది. ఆస్ట్రియాలో 2024 మార్చి నుంచి మరీ విపరీతమైన వేగంతో పట్టుబడితే బండినే స్వాధీనం చేసుకుని వేలం వేయొచ్చు. మీ సెలవులన్నీ ఆల్ప్స్ వైపే అయితే 250 పోయే బండికి పెట్టే డబ్బు సగం వృథా.

280 చూశాను అంటే ఎంత?

స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువ చూపించొచ్చు. యూరప్ నిబంధన ప్రకారం అసలు వేగం మీద పది శాతం, పైన ఇంకో 4 కి.మీ. దాకా ఎక్కువ చూపించినా తప్పు కాదు. అంటే నిజంగా 240 పోతున్న బండి 268 చూపించొచ్చు. "నేను 270 కొట్టాను" అన్నవాళ్లలో చాలామంది 245 దగ్గర ఉండి ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, మీటర్ అలా చూపించింది.

కంపెనీ ఒప్పుకున్న టాప్ స్పీడ్ కావాలంటే బ్రోచర్ వెతకక్కర్లేదు. జర్మన్ రిజిస్ట్రేషన్ కాగితంలో 'టి' అనే గడి ఉంటుంది, అందులో రాసి ఉంటుంది. అదే కాగితంలో టైర్ల సైజు పక్కన ఒక అక్షరం ఉంటుంది. హెచ్ అంటే 210 దాకా, వి అంటే 240 దాకా, డబ్ల్యూ అంటే 270 దాకా. సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్లినప్పుడు నేను ముందు వంగి టైరు పక్కన ఉన్న ఆ అక్షరాన్ని చదువుతాను. కాగితంలో డబ్ల్యూ ఉండి టైరు మీద హెచ్ ఉంటే, అమ్మేవాడు మిగతా విషయాల్లో ఎంత జాగ్రత్తగా ఉన్నాడో అక్కడే తెలిసిపోతుంది.

ఈ పరుగు ఎలా పెరిగిందో చూస్తే ముచ్చటేస్తుంది. 1984లో వచ్చిన కవాసకీ జీపీజెడ్ 900ఆర్ షోరూమ్ నుంచి తెచ్చినది తెచ్చినట్టే 240 దాటింది. 1990లో జెడ్‌జెడ్‌ఆర్ 1100 దాన్ని 280 దాకా లాగింది. 1996లో హోండా బ్లాక్‌బర్డ్ ఇంకాస్త పైకి పోయింది. 1999లో సుజుకి హయబూసా 312 అని ప్రకటించింది. యూరప్‌లో ప్రభుత్వాలు నిషేధం గురించి మాట్లాడటం మొదలుపెట్టాక కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకుని 299 దగ్గర ఆపేశాయి. అందుకే ఇవాళ్టి హయబూసా కూడా 299 దగ్గరే ఆగుతుంది. ఇంజిన్‌కి శక్తి లేక కాదు, కంప్యూటర్ ఆపుతుంది.

జర్మనీ కథ ఇంకా విచిత్రం. వేగ పరిమితి లేని రోడ్లున్న ఈ దేశంలోనే, 1990ల చివర దాకా మోటర్‌సైకిళ్లని 100 పీఎస్‌కి (పీఎస్ అంటే దాదాపు మన హార్స్‌పవరే) మించి అమ్మకూడదని కంపెనీలు స్వచ్ఛందంగా కట్టుబడి ఉన్నాయి. ఆ కాలంలో జనం, బండి తమని గాలి నుంచి ఎంత కాపాడుతుంది, ట్యాంకు ఎంత పెద్దది అని చూసి కొన్నారు. యూరప్ లాంగ్ రైడ్ల కోసమే రూపొందిన హోండా ఎస్‌టీ 1100 పాన్ యూరోపియన్ 1990లో వచ్చింది. ట్యాంకు 28 లీటర్లు. నా దృష్టిలో ఆ లెక్క ఇప్పటికీ సరైనదే.

ఇంజిన్ కంటే ముందే ఆగిపోయేవి

వేగం రెట్టింపైతే గాలి వెనక్కి నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. దాన్ని చీల్చుకుపోవడానికి కావాల్సిన పవర్ ఎనిమిది రెట్లు. 130కి సరిపోయే పవర్ 260కి ఎనిమిదో వంతు. ఆ మిగతా ఏడు వంతులు పెట్రోలు రూపంలో మీ జేబులోంచి పోతాయి.

కానీ పెట్రోలు కంటే ముందు లగేజీ ఆపుతుంది. సైడ్ బాక్సు మూత తెరిచి లోపల అంటించిన స్టిక్కర్ చదవండి, లేదా మాన్యువల్ చూడండి. పెట్టెలు తగిలించినప్పుడు 130 అని కొందరు, 160 అని ఇంకొందరు, 180 అని మరికొందరు రాస్తారు. టాప్ బాక్సులో 5 కిలోలో 10 కిలోలో మించి పెట్టొద్దని కూడా ఉంటుంది. నేను చాలాకాలం ఆ స్టిక్కర్ చదవలేదు.

ఎందుకు చదవాలో నాకు తెలిసిన రోజు చెప్తాను. బండి పేరు అవసరం లేదు, బండి తప్పు కూడా కాదు. శుక్రవారం సాయంత్రం, న్యూరెంబర్గ్ దాటి ఉత్తరంగా పోతున్నాను. టాప్ బాక్సులో ల్యాప్‌టాప్, దాని ఛార్జర్, బట్టలు, మిత్రుడి ఇంటికి అమ్మ పంపిన ఆవకాయ సీసా, అంతా కలిపి 12 కిలోలు పైనే. మీటర్‌లో 190 చిల్లర. ఒక లారీని దాటి దాని ముందుకి రాగానే పక్క నుంచి గాలి తగిలింది. బండి వెనక భాగం మెల్లగా అటూ ఇటూ ఊగడం మొదలైంది. సెకనుకి రెండు మూడు ఊపులు. హ్యాండిల్ నా చేతుల్లో నెమ్మదిగానే ఉంది, నడుము కింద మాత్రం ఎవరో సీటుని పట్టుకుని ఊపుతున్నట్టు ఉంది. ఒళ్లంతా చెమట పట్టింది. బ్రేక్ తొక్కాలనిపించింది, తొక్కలేదు. మోకాళ్లతో ట్యాంకుని గట్టిగా పట్టుకుని, ఛాతీ ముందుకి వంచి, హ్యాండిల్ మీద చేతులు వదులు చేసి, యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా తగ్గించాను. 160 దగ్గరకి రాగానే ఊపు దానంతట అదే పోయింది.

తర్వాతి పార్కింగ్‌లో ఆగి చూస్తే వెనక టైరులో గాలి తక్కువ, వెనక స్ప్రింగు సోలో రైడ్ సెట్టింగులోనే ఉంది, పైన బరువు మోతాదు మించింది. మూడూ నావే. ఈ ఊపుని వీవ్ అంటారు. వేగం పెరిగేకొద్దీ, బరువు వెనక్కి, పైకి పోయేకొద్దీ ఇది పెరుగుతుంది. హ్యాండిల్ మాత్రమే వేగంగా కొట్టుకునే వాబుల్ వేరు, అది తక్కువ వేగంలో కూడా రావచ్చు.

తర్వాత బ్రేక్. పొడి రోడ్డు, మంచి టైర్లు, చేయి తిరిగిన రైడర్ అనుకుందాం. ప్రమాదం చూసిన ఒక సెకను తర్వాత బ్రేక్ పడిందనుకుంటే 130 నుంచి ఆగడానికి సుమారు 118 మీటర్లు పడుతుంది. 200 నుంచి అయితే 250 మీటర్లు. 250 నుంచి అయితే 370 మీటర్లు. ఇప్పుడు ఎడమ లేన్‌లో మీరు 210 మీద ఉన్నారు, కుడి లేన్‌లో లారీ వెనక విసిగిపోయిన ఒక చిన్న కారు 110 మీద మీ ముందుకి తప్పుకుంది. మీ మధ్య దూరం సెకనుకి 28 మీటర్ల చొప్పున కరిగిపోతుంది. ఆ డ్రైవర్ అద్దంలో చూశాడు కూడా. ఒక్క హెడ్‌లైట్ ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో అతను అంచనా వేయలేకపోయాడు, అంతే. అందుకే నేను ఎవరైనా లారీ వెనక ఇరుక్కుని కనిపిస్తే, వాళ్లు రాకముందే యాక్సిలరేటర్ వదిలేస్తాను. ఆదివారం పగలు పెద్ద లారీలకి రోడ్డు మీద అనుమతి లేదు. బండిని కాస్త పరిగెత్తించాలని నిజంగా అనిపిస్తే ఆదివారం పొద్దున్నే వెళ్లండి.

ఎత్తైన లోయ వంతెనల మీద గాలి ఎటు, ఎంత జోరుగా వీస్తోందో చూపించే గుడ్డ సంచులు కట్టి ఉంటాయి. సంచి నిలువుగా వేలాడుతుంటే సరే. అడ్డంగా సాగి ఉంటే వంతెన ఎక్కకముందే వేగం తగ్గించుకోండి.

బండ్ల వారీగా

ముందే చెప్పేస్తున్నాను, నా ఓటు యమహా ఎఫ్‌జేఆర్ 1300కి. 2001లో వచ్చింది, 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, షాఫ్ట్ డ్రైవ్ (చైనుకి బదులు ఇనుప కడ్డీ వెనక చక్రాన్ని తిప్పుతుంది), 25 లీటర్ల ట్యాంకు. బరువు 290 కిలోల దగ్గర. కొత్త ఉద్గార నిబంధనలతో యూరప్‌లో అమ్మకం ఆగిపోయింది కాబట్టి దొరికేది సెకండ్ హ్యాండే. దొరికితే 2016 తర్వాతిది తీసుకోండి, అప్పటి నుంచి ఆరు గేర్లు వచ్చాయి. అంతకు ముందు ఐదు గేర్లే ఉండేవి, 160 పైన ఇంజిన్ ఎక్కువ తిరుగుతూ చేతులకి సన్నగా జివ్వుమనేది. టాప్ స్పీడ్ 240 పైచిలుకు. అది దీని గొప్ప కాదు. పెట్టెలు నింపి 150, 160 మీద మూడు గంటలు పోయినా దిగాక మెడ నొప్పి ఉండదు. ఎలక్ట్రిక్ విండ్‌స్క్రీన్ ఒక బటన్‌తో పైకి లేస్తుంది. వాన పడుతున్నప్పుడు దాన్ని పూర్తిగా లేపి, గ్రిప్ హీటర్ వేసుకుని పోతుంటే ఆ బండి మీద ప్రేమ పుడుతుంది. ఎండాకాలంలో మోకాళ్లకి వేడి తగులుతుంది, అది మాత్రం నిజం.

దీనికి దగ్గరి చుట్టం కవాసకీ 1400 జీటీఆర్. 155 పీఎస్, ఇది కూడా షాఫ్టే. జెడ్‌జెడ్‌ఆర్ 1400 ఇంజిన్ కుటుంబం కాబట్టి 200 పైన ఎఫ్‌జేఆర్ కంటే హుషారు. ట్యాంకు 22 లీటర్లు. బరువు 300 కిలోలు దాటుతుంది, పార్కింగ్‌లో వెనక్కి తోసేటప్పుడు ఆ బరువు తెలుస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్లు కొనే ముందు అటూ ఇటూ పది సార్లు తోసి చూడండి.

నిజంగా వేగమే కావాలి, దాంతో పాటు సుఖం కూడా కావాలి, డబ్బు గురించి బెంగ లేదు అనేవాళ్లకి ఒక్కటే సమాధానం: కవాసకీ నింజా హెచ్2 ఎస్‌ఎక్స్. 998 సీసీ, సూపర్‌ఛార్జర్, 200 పీఎస్. 2018లో వచ్చింది. దీని అన్న హెచ్2ఆర్ మీద టర్కీ రేసర్ కెనాన్ సోఫువోలు 2016 జూన్ 30న ఉస్మాన్ గాజీ వంతెన మీద 400 కి.మీ. చూపించాడు. అది రోడ్డుకి పనికొచ్చే బండి కాదు, వంతెన మొత్తం మూసి చేసిన పని. కానీ ఆ వంశం లక్షణాలు ఎస్‌ఎక్స్‌లో కనిపిస్తాయి. 180 మీద పోతూ యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పితే, మామూలు బండి 80 మీద స్పందించినట్టు స్పందిస్తుంది. సూపర్‌ఛార్జర్ చేసే ఆ సన్నటి కిచకిచ శబ్దం హెల్మెట్ లోపలికి కూడా వినిపిస్తుంది. లోపం ట్యాంకు. 19 లీటర్లే. గట్టిగా నడిపితే 170 కి.మీ. దగ్గరే బంకు వెతుక్కోవాలి. ఆటోబాన్ మీద పెట్రోలు అయిపోయి ఆగితే అది కూడా జరిమానా పడే తప్పే, ఎందుకంటే అక్కడ ఊరికే ఆగకూడదు. 2022 నుంచి రాడార్ కూడా వచ్చింది, ముందు బండిని చూసి క్రూజ్ కంట్రోల్ వేగం తగ్గిస్తుంది. డుకాటి, బీఎండబ్ల్యూల్లో ఇలాంటి రాడార్ క్రూజ్ 160 దాకే పనిచేస్తుందని గుర్తుంచుకోండి. ఏ కంపెనీదైనా, 200 మీద ముందుకి చూడాల్సింది మీ కళ్లే.

హయబూసా, జెడ్‌జెడ్‌ఆర్ 1400ల గురించి చాలామంది అడుగుతారు. పొడుగ్గా, కిందికి ఉండే బండ్లు కాబట్టి నేరుగా పోతున్నప్పుడు రైలు పట్టాల మీద ఉన్నట్టే ఉంటాయి. ఇప్పటి హయబూసా 1340 సీసీ, 190 పీఎస్, బరువు 264 కిలోలు. ఒంటరిగా, వెనక ఒక మెత్తటి బ్యాగు కట్టుకుని, శనివారం పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే మనిషికి ఇంతకంటే ఆనందం ఇంకోటి లేదు. భార్యతో పది రోజుల టూర్ అంటే మాత్రం నేను వద్దనే చెప్తాను. మణికట్లు, నడుము మూడో రోజుకే మొరాయిస్తాయి, పెట్టెలకి సరైన చోటు కూడా ఉండదు.

ఇద్దరూ కలిసి తిరగడమే ముఖ్యమైతే బీఎండబ్ల్యూ కే1600 జీటీ ఒకసారి నడిపి చూడండి. ఆరు సిలిండర్లు, 1649 సీసీ, 160 పీఎస్, 26.5 లీటర్ల ట్యాంకు. బరువు 340 కిలోలు పైనే, ఆ సంగతి కదలనంతసేపే తెలుస్తుంది. వెనక కూర్చున్నవాళ్లు నిద్రపోయేంత మెత్తగా పోతుంది. మా ఆవిడ ఈ బండి మీద ఒక్కసారి కూర్చుని, ఇక మిగతా బండ్లన్నిటినీ దీంతోనే పోల్చడం మొదలుపెట్టింది. దాని తమ్ముడు ఆర్1250 ఆర్‌టీ ఇంకా తేలిక, జర్మన్ పోలీసులు కూడా దీన్ని నడుపుతారు. పెద్ద విండ్‌స్క్రీన్ వల్ల 150 దాకా స్వర్గం. పైకి పోతే ఆ స్క్రీన్ వెనకే గాలి సుడి తిరిగి వీపు మీద నెడుతుంది.

హోండా ఎస్‌టీ 1300 గురించి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. 29 లీటర్ల ట్యాంకు, అరిగిపోని వీ4 ఇంజిన్, తక్కువ ధర. చాలా మంచి బండి. కానీ బ్రిటన్‌లో ఒక పోలీసు రైడర్ మరణించాక, ఎక్కువ వేగంలో ఊగుతోందన్న ఆందోళనతో 2007లో అక్కడి పోలీసు దళాలు ఈ బండిని పక్కన పెట్టాయి. పోలీసు బండి అంటే వెనక రేడియో, పెట్టెలు, సామాను అన్నీ ఉంటాయి. పైన నేను చెప్పిన 12 కిలోల కథకి ఇది అన్నలాంటిది. 130, 140 మీద ప్రశాంతంగా పోయే మనిషికి ఎస్‌టీ ఇప్పటికీ మంచి బేరం. 200 చూడాలనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు.

తేలిక బండ్లు: యమహా ట్రేసర్ 9 జీటీ, కవాసకీ నింజా 1000ఎస్‌ఎక్స్, సుజుకి జీఎస్‌ఎక్స్-ఎస్1000జీటీ. మూడూ 220 నుంచి 235 కిలోల మధ్య. వారాంతంలో ఆల్ప్స్ మలుపులే లోకం అనుకునేవాళ్లు వీటిలోంచే ఎంచుకోండి. వీటిలో ఆటోబాన్‌కి బాగా సరిపోయేది సుజుకి, 152 పీఎస్, కూర్చునే తీరు కాస్త ముందుకి వంగి ఉంటుంది కాబట్టి 180 మీద కూడా నిలకడగా ఉంటుంది. మలుపులకి ట్రేసర్. రెండూ సమానంగా కావాలంటే నింజా. ఎత్తుగా, వెడల్పాటి హ్యాండిల్‌తో ఉండే బీఎండబ్ల్యూ ఎస్1000 ఎక్స్‌ఆర్, డుకాటి మల్టీస్ట్రాడా వీ4 లాంటివి 170 పీఎస్‌తో ఎంత వేగమైనా పోతాయి. కానీ టాప్ బాక్సు తగిలిస్తే ముందు చక్రం తేలికపడి హ్యాండిల్ కదలిక మొదలవుతుంది. వాటికి సైడ్ బాక్సులు మాత్రమే పెట్టండి.

585 కిలోమీటర్ల లెక్క

మ్యూనిక్ నుంచి బెర్లిన్ ఏ9 మీద సుమారు 585 కి.మీ. ఒకసారి నేనూ, ఒక మిత్రుడూ ఒకేసారి బయల్దేరాం. అతనిది 19 లీటర్ల ట్యాంకున్న గట్టి బండి, దారి దొరికిన ప్రతిచోటా 220. నాది 25 లీటర్ల ట్యాంకు, దారి దొరికినప్పుడు 150, 160. అతనికి వంద కి.మీ.కి 10 లీటర్లు పట్టింది, మూడుసార్లు ఆగాడు. నాకు ఏడు లీటర్ల లోపే, ఒక్కసారి ఆగాను. బెర్లిన్‌లో అతను నాకంటే పావుగంట ముందున్నాడు. పక్కన కూర్చుని కాఫీ తాగుతుంటే అతని చేతులు ఇంకా వణుకుతున్నాయి, చెవుల్లో హోరు తగ్గలేదు. 130 దాటితే హెల్మెట్ లోపల గాలి శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. ఇయర్ ప్లగ్స్ లేకుండా ఆ దూరం పోవడం చెవులకి చేసే ద్రోహం.

అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ అని ఉంది. 24 గంటల్లో 1,000 మైళ్లు, అంటే 1,610 కి.మీ. నడిపినవాళ్లకి సర్టిఫికెట్ ఇస్తుంది. సగటు తీస్తే గంటకి 67 కి.మీ. మాత్రమే. ఆ పని చేసేవాళ్లు ఎక్కువగా ఎంచుకునే బండ్లలో గోల్డ్ వింగ్, ఎఫ్‌జేఆర్ ఉంటాయి. వాళ్లు అదనపు పెట్రోలు ట్యాంకు పెట్టుకుంటారు. ఆగకుండా పోవడంలోనే దూరం తరుగుతుందని వాళ్లకి తెలుసు.

కొనే ముందు

ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడిన ఆరు నెలల దాకే చెల్లుతుంది. తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండు పరీక్షలూ రాయాలి. పైన చెప్పిన బండ్లన్నిటికీ 'ఏ' క్లాసు కావాలి, 24 ఏళ్లు నిండితే నేరుగా అది తీసుకోవచ్చు.

ఊళ్లో ఉన్న తమ్ముళ్లు అడుగుతారు కాబట్టి ఒక మాట. మన దేశంలో 2018 నోటిఫికేషన్ ప్రకారం ఎక్స్‌ప్రెస్‌వే మీదైనా బైకుకి గరిష్ఠ వేగం 80. హైదరాబాద్ 158 కి.మీ. ఓఆర్‌ఆర్ మీదకి టూ వీలర్లకి అనుమతే లేదు. పశువులు, ఎదురుగా వచ్చే ట్రాక్టర్లు, బోర్డు లేని స్పీడ్ బ్రేకర్లు ఉన్న రోడ్డు మీద ఇక్కడి అంకెల్ని లక్ష్యంగా పెట్టుకోవద్దని బతిమాలుతున్నాను. వేగం చూడాలనిపిస్తే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, అక్కడ ట్రాక్ డే (మామూలు రైడర్లకి ట్రాక్ తెరిచే రోజు) రోజున తనివితీరా చూడండి. హైదరాబాద్ నుంచి గోవాకో, హంపీకో పోవడానికి నింజా 1100ఎస్‌ఎక్స్, వెర్సిస్ 1100 లాంటివి చాలు. కే1600, హెచ్2 ఎస్‌ఎక్స్‌లు మే నెల ఎండలో, పంజాగుట్ట ట్రాఫిక్‌లో మీ తొడల్ని కాల్చేస్తాయి.

ఇక జర్మనీలో సెకండ్ హ్యాండ్ బండి టెస్ట్ రైడ్‌కి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. అమ్మేవాడు పెట్టెలు తీసేసి శుభ్రంగా తుడిచి ఉంచుతాడు. అవి తగిలించమని అడగండి. రెండింట్లోనూ సమానంగా బరువు పెట్టండి, ఐదైదు లీటర్ల నీళ్ల క్యాన్లు చాలు. టైర్లలో గాలి సరిచూసుకోండి. రోడ్డు ఖాళీగా ఉన్న చోట స్టిక్కర్ మీద రాసిన వేగం దాకా మెల్లగా పెంచి, అక్కడ రెండు నిమిషాలు నిలకడగా నడపండి. ఒక లారీని దాటండి. భుజాలు బిగుసుకున్నాయా, చేతులు హ్యాండిల్‌ని నొక్కి పట్టుకున్నాయా గమనించండి. తిరిగొచ్చి బండి ఆపాక హెల్మెట్ తీసి, వెనక కూర్చున్నవాళ్లని ఎలా అనిపించిందో అడిగి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.